తీన్‌మార్ ఎవరి సొమ్ము?

మనవాళ్ళకి పుట్టుపూర్వోత్తరాల మీద ఉన్నంత మోజు మరి దేనిమీదా ఉండదు. పెళ్ళిసంబంధం మాట వచ్చినప్పుడు గోత్రమూ, ఇంటిపేరూ అడిగారంటే అర్థముంది. సకినాలు ఏ జిల్లావి, పులిహోర ముందుగా ఎవరింట కలిపారు, ఫలానా చీర అంచు ఎవరి మగ్గం మీద మొదలయింది అని వాటికి కూడా గోత్రాలు అడిగితే ఏం చెప్పను? పదిమంది ఆడవాళ్ళం కూర్చుంటే ఆవకాయ జన్మస్థలం తేలకముందే చాయలు చల్లారిపోతాయి. అవి చల్లారితే మళ్ళీ కాచుకోవచ్చు గాని, ఈమధ్య యీ వెతుకులాట దరువుల దాకా వచ్చింది. అక్కడ మాత్రం కాస్త ఆగి ఆలోచించాలనిపిస్తోంది. ఆవకాయ మీద తగాదా పడితే ఎవరి కూడూ పోదు. దరువు మీద తగాదాలో కొందరి కూడూ ఉంది, కొందరి పరువూ ఉంది.

నేనంటున్నది తీన్‌మార్ సంగతి. మా నేరేడుచర్లలో పెళ్ళి ఊరేగింపు పెద్దరోడ్డు ఎక్కిందంటే యీ దరువు లేకుండా కదలదు. మూడు దెబ్బలు పడతాయి, ఆపైన చిటికెడు ఖాళీ. ఆ ఖాళీలోనే ఉంది మహత్యమంతా. భుజం దానంతటదే ఎగురుతుంది. పట్టుపంచె జారుతుందేమోనని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి గాలిలో తిప్పే పెద్దమనుషుల్ని ఎందర్ని చూశానో! ఆడవాళ్ళం గట్టున నిలబడి నవ్వుతాంగాని, చీరకుచ్చెళ్ళ కింద మన కాలివేళ్ళు చేసే పని మనకే తెలుసు.

ఇంతకీ యీ దరువు ఎవరిది? మా ఇంట్లోనే మూడు పక్షాలున్నాయి.

మా మరిది అంటాడు, "ఇంకెవరిది వదినా? మన తెలంగాణది. మన డప్పుది. తాతల ముత్తాతల నాటిది."

హైదరాబాదులో కాపురమున్న మా ఆడబిడ్డ ఒప్పుకోదు. "పాతబస్తీల ఉంటే తెలుస్తది నీకు. అది అరబ్బులది. మర్ఫా అంటరు. బార్కస్‌కు పోయి చూడు" అంటుంది.

కాలేజీలో చదివే మా మేనకోడలు పుస్తకంలోంచి తలెత్తి, "అదేం కాదత్తా, ఆఫ్రికా వాళ్ళది. సిద్దీలు తెచ్చిండ్రు" అని తేల్చేస్తుంది.

ముగ్గురూ తమ మాటే వేదమంటారు. ముగ్గురి వాదాల్నీ చింతపండు తూచినట్టు తూచి చూద్దామనే యీ ప్రయత్నం. గింజా పీచూ తీసేశాకే తూకం సుమండీ!

ముందు ఆడబిడ్డ పక్షం. పెద్దవాళ్ళకి మొదటి వరస ఇవ్వాలి గదా. నిజాము సైన్యంలో పనిచేయడానికి యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతం నుంచి అరబ్బులు వచ్చారు. వాళ్ళని మన దగ్గర చావుషులు అంటారు. వాళ్ళ సైనికుల బారక్సు ఉన్నచోటే నేటి బార్కస్. ఆ ఇంగ్లీషు మాట జనం నోట నలిగి అలా అయింది. హైదరాబాదు పెళ్ళిళ్ళలో మోగే మర్ఫా ఆ వాడల్లో పెరిగింది. ఢోలూ, లోహపు బిందే, కర్రలూ కలిసి చేసే సందడి అది. పేరు కూడా అరబ్బు పేరే. యెమెన్‌లో పురుషులు చేసే 'బరా' అనే నాట్యానికి వాయించే వాద్యాల్లో తాసా ఒకటి, మర్ఫా ఒకటి. ఇంకేం, దస్తావేజు దొరికిందిగదా అనిపిస్తుంది.

కాని పేరు దస్తావేజు అవుతుందా? మన వంటింట్లోకే చూడండి. మిరపకాయ అనే మాట మిరియం నుంచి వచ్చింది. వినడానికి అచ్చతెలుగు. ఆ కాయ మాత్రం అమెరికా ఖండపు మొక్కది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడల మీద మన దేశానికి వచ్చింది. పేరు మనది గనక కాయ మన గడ్డ మీదే పుట్టిందంటే ఎంత నిజమో, మర్ఫా పేరు అరబ్బుది గనక దరువూ అరబ్బు దేశంలోనే పుట్టిందనడం అంతే నిజం. పైగా 'తీన్‌మార్' అరబ్బు మాట కాదు. ఉర్దూలో మూడు దెబ్బలని అర్థం. అంటే వాద్యానికి ఒక దేశం పేరు పెట్టింది, దరువుకి మన దక్కను పేరు పెట్టింది. సీసా మీద చీటీ ఎవరంటించారో చెబితే లోపలి పచ్చడి ఎవరు కలిపారో తేలదుగదా.

ఇక మేనకోడలి పక్షం. ఇది వినడానికి కొత్తగా ఉంటుందిగాని వట్టిమాట కాదు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు దక్కనులో వందల యేళ్ళుగా ఉన్నారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, చివరికి అహ్మద్‌నగరు రాజ్యాన్నే నడిపించిన మాలిక్ అంబర్ కథ మనం చరిత్ర పాఠంలో చదువుకున్నదే. ఆయన 1626లో పోయాడు. మన హైదరాబాదు సిద్దీల సంగతి అంతకన్నా దగ్గరిది. వనపర్తి సంస్థానంలో ఆఫ్రికా సైనికుల దళం ఉండేది. 19వ శతాబ్దంలో అది నిజాము కొలువులో చేరింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనేవారు. మాసబ్ ట్యాంకు పక్కన ఎ.సి. గార్డ్స్ అన్న పేటకి ఆ పేరే మిగిలింది. ఆస్పత్రికో, ఆఫీసుకో ఆ పేట మీదుగా వెళ్ళేవాళ్ళలో చాలామంది ఎ.సి. అంటే చల్లటి మిషనో, పోలీసు హోదానో అనుకుంటారు. దాని వెనక ఒక ఖండం ఉందని ఎవరికి తట్టాలి? ఆ సైన్యం 1948 తరవాత లేకుండా పోయింది. గుర్రాలు పోయాయి. కొలువులు పోయాయి. కొన్ని కుటుంబాలకి చేతిలో మిగిలిన విద్యల్లో మర్ఫా ఒకటి.

దీనికి సాక్ష్యం ఇతర రాష్ట్రాల్లోనూ ఉంది. గుజరాతు సిద్దీలు తమ ఆటపాటల్ని 'గోమా' అంటారు. తూర్పు, మధ్య ఆఫ్రికాలోని బంటూ భాషల్లో 'ఎన్‌గోమా' అంటే డోలనీ అర్థముంది, ఆటనీ అర్థముంది. వాయించడం వేరు, ఆడడం వేరు అన్న తేడా ఆ మాటకి తెలియదు. మన ఊరేగింపులో కూడా ఏది వాద్యమో, ఏది ఆటో విడదీయగలమా? ఆలోచిస్తే ముచ్చటగానే ఉంటుంది.

అయినా యీ పక్షంలో నాకు నచ్చని మాట ఒకటుంది. "వాళ్ళ రక్తంలోనే తాళముంది" అంటారు చూడండి, అది మెప్పు అనుకుంటారుగాని, నన్నడిగితే నిందే. ఆడదాని చేతిలో వంట పుట్టుకతోనే ఉంటుందని అనడం లాంటిదే ఇదీను. అన్నవాళ్ళు పొగిడామనుకుంటారు. పొయ్యి దగ్గర పదేళ్ళు కాల్చుకున్న వేళ్ళ లెక్క ఆ పొగడ్తలో మాయమవుతుంది. తాళం రక్తంలో ఉండదు. చిన్నప్పటినుంచీ తండ్రి పక్కన నిలబడి, తప్పుకొడితే మొట్టికాయ తిని, మళ్ళీ కొట్టి నేర్చుకుంటే చేతిలోకి వస్తుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆఫ్రికా అంటే ఒక ఊరు కాదు. హైదరాబాదు సిద్దీల పెద్దలు అందరూ ఒక్కచోటినుంచి రాలేదు. కొందరు అబిసీనియా వైపువాళ్ళు, కొందరు తూర్పు తీరంవాళ్ళు, కొందరు అరబ్బు దేశాల మీదుగా వచ్చినవాళ్ళు. హద్రమౌత్ అరబ్బులూ, తూర్పు ఆఫ్రికా తీరమూ వందల యేళ్ళుగా ఋతుపవనాల గాలికి తెరచాప ఓడలు నడుపుకుంటూ రాకపోకలు చేసినవాళ్ళు. కనక మా ఆడబిడ్డ చెప్పే అరబ్బూ, మేనకోడలు చెప్పే ఆఫ్రికా రెండు వేరు వేరు ఇళ్ళు కావు. మధ్య గోడలో తలుపు ఉన్న ఇళ్ళు. అటు వంట ఇటు వచ్చేది, ఇటు పిల్లలు అటు తిరిగేవారు. ఇవాళ ఆ గోడ దగ్గర నిలబడి గిన్నె ఎవరిదని తగువాడితే గిన్నె ఏం చెబుతుంది?

ఇలాంటి తగువు మన ఒక్కళ్ళకే ఉందనుకోకండి. ఆఫ్రికా పడమటి తీరంలో యిది ఇంకా ముదిరింది. ఘానా దేశంలో 'గాహు' అనే ఆట ఉంది. అది ఎవే జాతివారిదని ప్రపంచమంతా నేర్పుతారు. దాన్ని వెతుక్కుంటూ పోతే నైజీరియా వైపు బడాగ్రీ అనే రేవు పట్టణం తగులుతుంది. అక్కడివాళ్ళ భాష వేరు, దుస్తులు వేరు. ఘానా దేశంలోనే 'క్పాన్‌లోగో' ఉంది. అది తాతలనాటిదేమీ కాదు. 1960ల ప్రాంతంలో అక్రా నగరపు గా జాతి కుర్రకారు పట్టుకొచ్చిన కొత్త ఆట. ఇప్పుడది 'సంప్రదాయం' పద్దులో కూర్చుంది. గినీ దేశానికి చెందిన ఫొదేబా కెయితా అనే ఆయన 1952 ప్రాంతంలో పారిస్‌లో ఆఫ్రికా నృత్య బృందాన్ని కట్టాడు. గినీ 1958లో స్వతంత్రమయ్యాక అది ఆ దేశపు జాతీయ బృందమైంది. ఒక ఊళ్ళో కోతలప్పుడు వాయించేదీ, మరో ఊళ్ళో పెళ్ళికి వాయించేదీ ఒకే రంగస్థలం మీద పక్కపక్కన చేరాయి. చూసేవాళ్ళకి కనువిందే. ఏ తెగవాళ్ళు ఎందుకు వాయించేవారన్న సంగతి మాత్రం తెర వెనక ఉండిపోయింది. వాద్యాలు ఓడెక్కి ఊళ్ళు దాటితే వాటి ఊరి పేర్లు ముందుగా జారిపోతాయి కాబోలు.

ఇక మా మరిది పక్షానికి వస్తాను. దీన్ని చివరికి ఎందుకు పెట్టానంటే, ఇదే అన్నిటికన్నా బలమైనదీ, అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినదీను.

డప్పు పాతదే. అందులో అనుమానం లేదు. తమిళులకి పఱై ఉంది, కన్నడిగులకి హలిగె ఉంది, మనకి తప్పెట అనీ, పలక అనీ, డప్పు అనీ పేర్లున్నాయి. కర్ర చట్రానికి తోలు బిగిస్తారు. మంట చూపించి కాక పెడతారు. ఒక చేతిలో పొట్టి సిర్ర, రెండో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. రెండే కర్రలతో ఎన్ని మాటలు పలికిస్తారో! చావుకొక దరువు, జాతరకొక దరువు, చాటింపుకొక దరువు. కళ్ళు మూసుకున్నా వీధిలో ఏం జరుగుతోందో ఇంట్లో ఆడవాళ్ళకి తెలిసిపోయేది.

మా జిల్లాలోనే సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్ళకొకసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. గొల్లగట్టు జాతర అని కూడా అంటారు. యాదవులు గజ్జెల లాగులు తొడుక్కుని, 'ఓ లింగా' అంటూ భేరీల మోతకి అడుగులేస్తూంటే గట్టంతా ఊగినట్టుంటుంది. అక్కడికి దరువు బార్కస్ నుంచి రానక్కరలేదు. గొల్లలూ కురుమలూ చెప్పే ఒగ్గుకథకీ, మాదిగల డప్పుకీ, చిందువాళ్ళ ఆటకీ దేని లెక్క దానిదే. మనవాళ్ళకి దరువు ఎవరో వచ్చి నేర్పలేదన్న మా మరిది మాట ఇంతవరకు ఒప్పుకుంటాను.

అయితే డప్పు పాతది గనక దానిమీద మోగే ప్రతి దరువూ పాతదేనా? నా ఇత్తడిగిన్నె మా అత్తగారి అత్తగారిది. అందులో నేను నూడుల్సు కూడా వండాను. తీన్‌మార్ అన్న పేరుతో యీ దరువు ఊరూరా తిరగడం, పట్నపు మర్ఫాకీ పల్లె డప్పుకీ బోనాలూ, గణపతి నిమజ్జనాలూ, ఎన్నికల ఊరేగింపులూ స్నేహం కుదర్చడం మన కళ్ళముందు జరిగినదే. 2011లో సినిమాకి ఆ పేరే పెట్టారు. టీవీలో తీన్‌మార్ వార్తలు వచ్చాయి. దరువు పేరు అలా ఇంటింటి మాటయింది. ఎవరి చేతినుంచి ఎవరి చేతికి ఎప్పుడు మారిందో గీత గీసి చెప్పమంటే ఎవరి తరమూ కాదు.

పాతకాలం పుస్తకాలు తీసినా ఇంతే. కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయపుడు 1253–54లో 'నృత్తరత్నావళి' రాశాడు. శాస్త్రం చెప్పిన మార్గ పద్ధతితోపాటు జనం ఆడుకునే దేశి నృత్యాలకీ అందులో చోటిచ్చాడు. కోలాటముంది, చిందు ఉంది, పేరణి ఉంది. పేరణి మా కాకతీయులదని మనం గర్వపడుతూండగా, దేవగిరి యాదవుల కొలువులోని శార్ఙ్గదేవుడు తన 'సంగీత రత్నాకరం'లో ఆ పేరణినే వర్ణించి పెట్టాడు. ఒంటికి తెల్లటి పూత, కాళ్ళకి గజ్జెలు, జనాన్ని నవ్వించే అనుకరణలు. ఆ వర్ణనలో యుద్ధానికి వెళ్ళే వీరుడికన్నా వినోదం పంచే ఆటగాడే ఎక్కువ కనిపిస్తాడు. నటరాజ రామకృష్ణగారు (1923–2011) జాయపుడి గ్రంథాన్నీ, రామప్పగుడి శిల్పాల్నీ ముందు పెట్టుకుని 20వ శతాబ్దంలో పేరిణిని మళ్ళీ నిలబెట్టారు. గొప్ప పని. కొత్తగా కట్టిన గోడని కొత్తగా కట్టామని చెబితే ఆ గొప్పకి లోటేమీ రాదు. ఏడువందల యేళ్ళ కిందటిది చెక్కుచెదరకుండా వచ్చిందన్నప్పుడే ఆ కట్టినాయన శ్రమ కూడా చెరిగిపోతుంది.

"అయితే ఏమంటావు వదినా, ఎవరిదీ కాదంటావా?" అని మా మరిది నిలదీశాడు.

అలా అనడం మహా సులువు. "కళకి ఎల్లలు లేవు, దరువు అందరిదీ" అని వేదికల మీద చెబితే చప్పట్లు కూడా పడతాయి. కాని నాకా మాట మీద నమ్మకం తక్కువ. మన వంశం పచ్చడి, మన వంశం పొడి అని మగవాళ్ళు చుట్టాలకి గొప్పగా చెబుతూంటారు. అది ఏ కోడలు ఏ మధ్యాహ్నం రోట్లో నూరి రుచి కుదిర్చిందో వంశంలో ఒక్కరికీ గుర్తుండదు. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ పాడే పాటలు ఎన్నో ఉన్నాయి. కట్టింది ఆడవాళ్ళే. ఒక్కరి పేరూ లేదు. అందరిదీ అన్నదానికి చాలాసార్లు అర్థం, చేసినవాళ్ళది కాదని. అది మనకి అనుభవమే గనక, ఇంకొకరి విషయంలో ఆ మాట అనేముందు మనమే ఆగాలి.

మా మరిది 'మన' అన్నాడు చూడండి, నా అభ్యంతరమల్లా ఆ రెండక్షరాల మీదే. డప్పు మన సంస్కృతి అని ఇవాళ సభల్లో అందరూ అంటున్నారు. తెలంగాణ ఉద్యమంలో డప్పు లేని సభ లేదు, ఊరేగింపు లేదు. బాగుంది. మరి అదే డప్పు మాదిగ ఇళ్ళవాళ్ళు వెట్టిగా కొట్టిన రోజుల్లో, చావు కబురుకి పిలవగానే రాకపోతే తిట్లు తిన్న రోజుల్లో అది 'వాళ్ళది'గానే ఉందిగదా? అంటు వాళ్ళకి, కీర్తి మనకీనా? సిద్దీల మాటా అంతే. దరువు కావాలి, కొట్టినవాళ్ళ మొహం చూసి మాత్రం ఏ దేశంవాళ్ళో అని గుసగుసలు.

మా పేట పెళ్ళిలో డప్పు వాయించిన ఒక ముసలాయన్ని నేనే అడిగాను, యీ దరువు ఎక్కడిదని. "ఏడికెళ్ళి వచ్చిందో నాకేమెరుక బిడ్డా. మా నాయిన కొట్టిండు, నేను కొడుతున్న. గీ డీజే డబ్బాలు వచ్చినంక పిలిచేటోళ్ళే తక్కువైండ్రు" అన్నాడు. జన్మస్థలం గురించి ఆయనకి దిగులు లేదు. వచ్చే లగ్గాలకి పిలుపు వస్తుందా అన్నదే దిగులు.

నా మటుకు నాకు తేలినదిది. ఎక్కడ పుట్టింది అన్నదొక ప్రశ్న, ఎవరు పెంచారు అన్నది ఇంకొక ప్రశ్న. మనవాళ్ళు ఎప్పుడూ మొదటిదాన్ని పట్టుకుని వేళ్ళాడతారు. కృష్ణుడు దేవకి కడుపున పుట్టాడు, యశోద ఒడిలో పెరిగాడు. ఇద్దరు తల్లుల్లో ఎవరు తల్లి అని మనం వ్యాజ్యం వేశామా? మా ఊరి మాటే తీసుకోండి. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఆ తరవాత సూర్యాపేట జిల్లా. ఊరు గజం కూడా కదలలేదు. 1990లో ఇక్కడ కట్టిన పాట ఏ జిల్లాదని ఎవరైనా అడిగితే నవ్వుతాం. దేశాల పేర్లూ, తెగల పేర్లూ కూడా కాలం మీద అలాగే మారుతూ వస్తాయి. పుట్టుక సంగతి అంతుపట్టకపోవచ్చు. పెంచినవాళ్ళెవరో మాత్రం స్పష్టంగా తెలుసు. పట్నంలో సిద్దీలూ చావుషులూ, పల్లెలో డప్పు కొట్టే మాదిగలూ. యీ మూడు రకాల చేతులూ లేకపోతే తీన్‌మార్ లేదు.

పెంచినవాళ్ళ ఋణం తీర్చడానికి పరిశోధన అక్కర్లేదు. పెళ్ళికార్డు కింద ఫొటోగ్రాఫరు పేరు వేస్తున్నాం, వంటవారి పేరు వేస్తున్నాం, లైటింగు అతని పేరూ ఫోను నంబరూ వేస్తున్నాం. డప్పు బృందం పేరు, మర్ఫా బృందం పేరు వేసిన కార్డు మీరెక్కడైనా చూశారా? డబ్బు ముందుగా మాట్లాడుకుని, ఊరేగింపు అవగానే చేతిలో పెడుతున్నామా, లేక "రేపు రండి చూద్దాం" అంటున్నామా? భోజనాల దగ్గర వాళ్ళకీ చుట్టాలతోపాటు వరసలో విస్తరి వేస్తున్నామా, చివర్లో మిగిలింది పొట్లాలు కడుతున్నామా? యీ లెక్కలన్నీ ఇంటి ఆడవాళ్ళ చేతిలోనివే. మగవాళ్ళు దరువు పుట్టుక మీద అరుగు మీద వాదించుకుంటూ ఉండగానే మనం లోపల యీ పని కానిచ్చెయ్యవచ్చు.

మా మేనకోడలికి వచ్చే వైశాఖంలో పెళ్ళి అనుకుంటున్నాం. కార్డు ముసాయిదా నేనే రాస్తున్నాను. డీజే వద్దని చెప్పేశాను. మా మరిది డప్పుకి సరేనన్నాడు, ఆడబిడ్డ మర్ఫా కూడా ఉండి తీరాలంది. రెండూ పెట్టిస్తున్నాను. బృందాల పేర్లు ఎక్కడ వెయ్యాలన్న దానిమీద మాత్రం ఇంకా చర్చ నడుస్తోంది. ఫొటోగ్రాఫరు పేరుకన్నా పైనే వేయిద్దామని నా ఉద్దేశం.